వేలు పడేదాకా

నాకు ఓపిక తక్కువ. ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే తర్వాత జరిగిందంతా దానివల్లే జరిగింది. మస్కట్‌లో పద్నాలుగేళ్ళు ఎనిమిదిమంది పడుకునే గదిలో పైమంచం మీద బతికాను. సొంతంగా ఒక తలుపు, దానికి లోపలినుంచి వేసుకునే గొళ్ళెం ఉంటే చాలని ఆ మంచం మీద పడుకుని రోజూ అనుకునేవాణ్ణి. తిరిగొచ్చాక మా ఊరు మోర్తాడ్‌లో ఒక్క నెల కూడా ఉండబుద్ధి కాలేదు. నా భార్య రజనిని తీసుకుని ఆర్మూర్‌లో అద్దెగదిలో దిగి, ఇల్లు వెతకడం మొదలుపెట్టాను.

ఇల్లు తొందరగానే దొరికింది. పసుపు మార్కెట్ రోడ్డు దాటాక, గుట్టరాళ్ళ వైపు పోయే గల్లీలో ఉంది. వెనక రెండు గదులు, వంటిల్లు, గల్లీలోకి తెరుచుకునే ఒక ముందటి అర్ర. ఎదురుగా ఖాళీ జాగాలో పసుపు కొమ్ములు ఆరబోస్తారు. అమ్మేవాడు ముత్తెన్న. అదే గల్లీ చివర పసుపుకు పాలిష్ పట్టే డ్రమ్ము నడుపుతాడు.

"మా నాయన గీ ఇల్లు నాకు, మా అక్కకు చెరి సగం రాసిండు. అక్క గూడ వేలేస్తది. ఏం ఫికర్ లేదు," అన్నాడు.

బయానా ఇచ్చి కాగితం రాసుకున్నాం.

ఆ అక్క పేరు రత్నవ్వ. అరవై దాటింది. పిల్లల్లేకుండానే భర్త పోయాక పుట్టింటికొచ్చి, నలభై ఏళ్ళుగా ఆ ముందటి అర్రలోనే బీడీలు చేస్తోంది. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తడిబట్టలో చుట్టిన తునికాకు. గల్లీలోకి అడుగుపెడితే చాలు, ఆకు కోసే కత్తెర చప్పుడు వినిపించేది. కర్... కర్... కర్... మాట్లాడుతున్నా ఆ చెయ్యి ఆగేది కాదు. ఆమె నన్ను అడిగింది ఒక్కటే.

"ఇల్లు నువ్వే ఏలుకో బిడ్డా. నేను సచ్చేదాక గీ అర్ర నాకిడువు. నేను పోయినంక గిది గూడ నీదే."

"సరే అవ్వా," అన్నాను. నోటిమాటే కదా అనుకున్నాను. కాగితంలో ఎక్కించలేదు.

రిజిస్ట్రేషన్‌కు మొదటి స్లాట్ జనవరిలో దొరికింది. ఆఫీసులో కంప్యూటర్ దగ్గర రుచిత అనే అమ్మాయి కూర్చునేది. మంచి ఓపికున్న పిల్ల. రత్నవ్వ బొటనవేలు గాజు మీద పెట్టించింది. ఎర్రలైటు. తుడిచి మళ్ళీ పెట్టించింది. ఎర్రలైటు. చూపుడువేలు, నడిమివేలు, ఎడమచెయ్యి... పది వేళ్ళూ అయిపోయాయి. అప్పుడు చూశాను ఆ వేళ్ళకొనలు. ఒక్క గీత లేదు. నలభై ఏళ్ళ ఆకూ దారమూ కలిసి గీతలన్నీ తినేశాయి. కళ్ళు చూసే మిషను పెడితే కంట్లో తెల్లపొర, మోతిబిందు, అడ్డమొచ్చింది.

"పదిహేను రోజులు బీడీలు బంద్ వెట్టు అవ్వా. రోజు కొబ్బరినూనె రాయి. గీతలు తేల్తె పడ్తది," అంది రుచిత.

నా మొహం చూసి రత్నవ్వే నాకు ధైర్యం చెప్పింది. "ఫికర్ జెయ్యకు బిడ్డా. ఇయ్యాల గాకపోతె రేపు. ఎన్నటికన్న పడ్తది నా వేలు."

పదిహేను రోజులు ఆమె పని మానేసింది. మా కోసమే మానేసింది. రెండోసారీ ఎర్రలైటే. ఇంకో పదిహేను రోజులు. ఈలోపు మా అద్దెగది యజమాని కొడుకు పెళ్ళి కుదిరింది, గది ఖాళీ చెయ్యమన్నాడు. సామానంతా మూటలు కట్టి, ఆ మూటల మధ్య నేనూ రజనీ మసలుతున్నాం. పొద్దున లేస్తే ముత్తెన్నకు ఫోను, వాడు అక్క వేళ్ళు చూసి "జర తేలినట్టున్నయ్" అనడం, నేను మళ్ళీ ఆశపడటం. ఇల్లు కళ్ళ ముందు ఉంది. తాళం చేతికి రాదు. ఒక ముసలమ్మ బొటనవేలు దగ్గర నా బతుకంతా ఆగిపోయిందని నాకు కడుపు మండిపోయేది.

మూడోసారి నేనే లేచి పోయాను. ఆమె బొటనవేలిని నా రెండు చేతులతో పట్టుకుని గాజు మీద అదిమాను.

"గట్టిగ ఒత్తు అవ్వా... ఇంకింత గట్టిగ!"

గోరు తెల్లబడింది. ఆమె నొప్పికి కళ్ళు మూసుకుంది గానీ చెయ్యి లాక్కోలేదు. "ఇడువుండ్రి సార్, ముసలామె," అని రుచిత అరిచేదాకా నేను వదల్లేదు. బయటికొచ్చాక సిగ్గేసింది. కానీ సిగ్గు కంటే చిరాకే ఎక్కువ ఉండింది, ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

ఆ సాయంత్రం ముత్తెన్న నన్ను డ్రమ్ము దగ్గరికి పిలిచాడు. పసుపు ధూళిలో వాడి కనుబొమ్మలు కూడా పచ్చగా ఉన్నాయి. గొంతు తగ్గించి అన్నాడు:

"అక్క లేదనుకో... ఇల్లు మొత్తం నాదే. నేనొక్కణ్ణే వేలేస్త. కాగితం పుట్టిచ్చేటోడు ఒకడున్నడు."

"లేదనుకోవడమేంది? మనిషి ఉంది కద."

"కాగితం మీదనే గదనే. ఆమెకేం తెలుస్తది? ఇంకొక సాక్షి గావాలె, గంతే."

నేను ఒక రాత్రి ఆలోచించానని చెబితే అబద్ధం. అక్కడే ఒప్పుకున్నాను. వేరే ఊళ్ళో చుట్టాలింటికి పోయి రత్నవ్వ అక్కడే చనిపోయిందని, ఆ శవాన్ని కళ్ళారా చూశానని రాసిన కాగితానికి సాక్షిగా నేనే వేలు పెట్టాను. నా వేలు మొదటిసారికే పడింది. పచ్చలైటు వెలగగానే గుండెల మీదినుంచి బరువు దిగినట్టయింది.

ఏప్రిల్‌లో ఇల్లు నా పేరు మీదికి వచ్చింది. ముత్తెన్న అక్కను చాటతో సహా తీసుకుపోయి డ్రమ్ము పక్కన రేకులషెడ్డులో కూర్చోబెట్టాడు. "ఇంటికి సున్నం ఏస్తున్నరు, నాలుగు రోజులు," అని చెప్పాడట. మేం పాలు పొంగించుకున్నాం. ముందటి అర్రకు నేను తాళం వేశాను. "ఆ అర్ర ఆమెకిస్త అంటివి గద," అని రజని అడిగితే కసిరాను. కాగితం సంగతి రజనికి అప్పటికి తెలియదు.

మే నెల మొదట్లో ఒక మధ్యాహ్నం రత్నవ్వ మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. చేతిలో ఖాళీ రేషన్ సంచి.

"నేను సచ్చిన్నట గద బిడ్డా," అంది.

నా వెనక రజని వచ్చి నిలబడింది.

"రేషన్ దుకాణంల చెప్పిండ్రు. పించిని గూడ ఆగింది. అడిగితె కాగితం సదివి చెప్పిండ్రు. నా పీనుగను నువ్వు సూసినవట? ఎట్లుంటి బిడ్డా? కండ్లు మూసుకొని ఉంటినా, తెరుసుకొని ఉంటినా?"

"పో అవ్వా. ఏమన్నుంటే ముత్తెన్ననడుగు."

"యాడికి పోవాలె? బతికున్నోళ్ళనైతె ఎల్లగొడ్తరు. సచ్చినోళ్ళను ఎట్ల ఎల్లగొడ్తవ్?" ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. "నా వేలు పడకుండ ఇల్లు నీదయితదా? పడ్తది బిడ్డా. నా వేలు పడేదాక నేను ఈన్నుంచి లేవ."

ఎదురుగా పసుపు ఆరబోసిన జాగాలో, ఎండలో, మా తలుపు వైపు మొహం పెట్టి కూర్చుంది. మూడు రోజులు. గుట్టరాళ్ళు వేడెక్కి గల్లీలో గాలే ఆడని రోజులవి. రజని నీళ్ళు తీసుకుపోతే ముట్టలేదు. ముత్తెన్న వచ్చి రెక్క పట్టి లేపబోతే చెయ్యి విదిలించింది. నాలుగోనాడు మిట్టమధ్యాహ్నం పసుపు కూలీలు పోయి చూసేసరికి, కూర్చున్నది కూర్చున్నట్టే ప్రాణం పోయి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. కుడిచేతి బొటనవేలు పసుపు కొమ్ముల మధ్య బలంగా గుచ్చుకుని ఉంటే, ఇద్దరు లాగి తీశారు.

ఆమె చావును రాయించడానికి వీల్లేకపోయింది. కంప్యూటర్‌లో అప్పటికే చనిపోయి ఉంది. ఒక మనిషికి రెండుసార్లు రాయరు. కొత్తగా చచ్చిందంటే పాత కాగితం బయటపడుతుందని ముత్తెన్న దినాలు కూడా చెయ్యలేదు. రజని నన్ను నిలదీసి సంగతంతా రాబట్టింది. "గీ పాపం కడుక్కునేదాక నేను గీ ఇంట్ల అడుగువెట్ట," అని ఏర్గట్లకు, పుట్టింటికి వెళ్ళిపోయింది.

నేనొక్కణ్ణీ మిగిలాను. నా తలుపు, నా గొళ్ళెం.

రజని వెళ్ళిన మూడోరోజు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. కరెంటు పోయింది. ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది. బయట పాలిష్ డ్రమ్ము మోత కూడా నిలిచిపోయింది. కిటికీలోంచి తెల్లటి ఎండ, అందులో తేలే పసుపు ధూళి. గల్లీలో కుక్క కూడా లేదు. చెమటకు ఒళ్ళు అంటుకుపోతుంటే నడిమి గదిలో కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాను.

ముందు వాసన వచ్చింది. తడిసిన తునికాకు వాసన. దాని వెనకే తంబాకు ఘాటు.

తర్వాత చప్పుడు.

కర్...

కర్... కర్...

తాళం వేసిన ముందటి అర్రలోంచి.

ఎలుకలేమో అనుకున్నాను. ఎలుకలు ఒకే లెక్కన కొరకవు. లేచి తలుపు దగ్గరికి పోయి తాళం చూశాను. వేసినట్టే ఉంది. చప్పుడు ఆగింది. ఎవరో పని ఆపి వింటున్నట్టు ఆగింది. తాళం తీసి తలుపు నెట్టాను.

లోపల ఎవరూ లేరు. ఖాళీ గది. నేలంతా వేలెడు మందాన పసుపు ధూళి పరుచుకుని ఉంది. అంత ధూళి మూసిన గదిలోకి ఎట్లా వచ్చిందో తెలియదు. అందులో అడుగులు లేవు. వేలిముద్రలు ఉన్నాయి. ఒక్క బొటనవేలి ముద్రలే. ఆమె కూర్చునే మూల దగ్గర మొదలై, ఒకదాని ముందు ఒకటి, వరసగా తలుపు దాకా వచ్చాయి. వంగి చూశాను. నున్నగా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ గీత లేదు.

చివరి ముద్ర గడప మీద ఉంది... గడపకు ఇవతల, నా పాదం పక్కన ఇంకొకటి ఉంది.

అది ఇంతకుముందు లేదు.

వెనక్కి తిరగబోయాను. నా కుడిచెయ్యి రాలేదు. బొటనవేలిని ఏదో పట్టుకుంది. చల్లగా, తడిగా, రెండు చేతులతో. కళ్ళకేమీ కనబడలేదు. తలుపు చెక్కకు వేలిని ఆనించి ఒత్తుతోంది. గోరు తెల్లబడటం చూశాను. చెవి పక్కన, చాలా దగ్గరగా, మెల్లగా...

"గట్టిగ ఒత్తు బిడ్డా..."

తంబాకు వాసన.

"ఇంకింత గట్టిగ..."

అదే సమయంలో జేబులో ఫోను మోగింది. ఎడమచేత్తో ఎట్లా తీశానో తెలియదు. ముత్తెన్న. ఏడుస్తున్నాడు.

"గజేందర్... నా వేలు వట్టుకున్నది... ఇడుస్తలేదు... డ్రమ్ము దిక్కు గుంజుతున్నది..."

"ముత్తెన్నా! ఎవరు?"

డ్రమ్ము తిరగడం మొదలైన చప్పుడు వచ్చింది. పసుపు కొమ్ములు దొర్లుతున్న మోత. దాని మీద ఒక కేక. నా వేలు ఒక్కసారిగా విడిపడింది, నేను నేల మీద పడ్డాను.

నేను పరుగెత్తుకుంటూ పోయేసరికి కూలీలు గుమిగూడి ఉన్నారు. ముత్తెన్న కుడిచెయ్యి మోచేతి దాకా డ్రమ్ములో ఉంది. ప్రాణం పోయింది. డ్రమ్ము చుట్టూ పసుపంతా ఎర్రబడింది. మోటారు ఎవరేశారని ఒకరినొకరు అడుగుతున్నారు. ఎవరూ వెయ్యలేదు. వెయ్యడానికి కరెంటు లేదు. ఆరోజు సాయంత్రం నాలుగింటి దాకా ఆర్మూర్‌లో కరెంటు రాలేదు.

ఇంటికొచ్చి ఫోను తెరవబోయాను. వేలు పెట్టాను. తెరుచుకోలేదు. చెయ్యి కడుక్కుని మళ్ళీ పెట్టాను. తెరుచుకోలేదు. వెలుతురులోకి పోయి నా బొటనవేలు చూసుకున్నాను. నున్నగా ఉంది. చూపుడువేలూ అంతే. పది వేళ్ళకూ ఒక్క గీత లేదు.

మర్నాడు బ్యాంకులో వేలు పడలేదు. రేషన్ దుకాణంలో పడలేదు. దుకాణదారు నావైపు అనుమానంగా చూసి, "బీడీలు గిట్ల జేస్తున్నవా ఏంది?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. భయమంటే ఏంటో ఆ రోజు తెలిసింది. నేనే నేనని చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

దారి ఒక్కటే కనబడింది. జరిగిందంతా ఒప్పుకోవాలి. రత్నవ్వ అప్పటికి బతికే ఉందని, నా సాక్ష్యం అబద్ధమని, ఆమె సగం ఆమెదేనని రాసివ్వాలి. జైలుకు పోవాల్సొస్తే పోతాను. రజనికి ఫోనులో ఇదే చెప్పాను. "రాసిచ్చినంక చెప్పు, వస్త," అంది. ఒప్పుకోలు కాగితం నా చేత్తోనే రాసి జూన్ మొదటివారంలో ఆఫీసుకు పోయాను.

కాగితం చదివి రుచిత నోటిమీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత మిషను ముందుకు జరిపింది. వేలు పెట్టాను. ఎర్రలైటు. పది వేళ్ళూ. ఎర్రలైటు. కళ్ళ మిషను పెట్టింది. అదీ పట్టలేదు. నా కళ్ళల్లో మసక ఏదో అడ్డమొస్తోందంది.

"వేలు పడకుంటె గీ కాగితం తీసుకోనీకి రాదు సార్," అంది. మరీ మెల్లగా, తనకే ఇబ్బందిగా ఉన్నట్టు చెప్పింది. "పదిహేను రోజులు చేతులకు రెస్ట్ ఇయ్యుండ్రి. రోజు కొబ్బరినూనె రాయుండ్రి. గీతలు తేల్తె పడ్తది."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఇవే మాటలు విని ఆమె ఇవే మెట్లు ఎట్లా దిగిందో అప్పుడు అర్థమైంది.

పదిహేను రోజులు ఏ పనీ ముట్టలేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నూనె. పన్నెండయితే ముందటి అర్రలో కత్తెర మొదలయ్యేది. కర్... కర్... నేను నడిమి గదిలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. "నీ సగం నీకే రాసిస్తున్న అవ్వా. జర ఆగు," అని తలుపు వైపు చూసి చెప్పేవాణ్ణి. చప్పుడు కాసేపు ఆగేది. ఆగినప్పుడే ఎక్కువ భయమేసేది.

తొమ్మిదోరోజు బొటనవేలి మీద సన్నగా ఒక గీత కనబడింది. పట్టలేని సంతోషమేసింది. పదకొండోరోజుకు నాలుగు గీతలు. పొద్దున్నే ఎండలో పెట్టి చూసుకునేవాణ్ణి. కత్తెర చప్పుడు తగ్గుతూ వచ్చింది. పద్నాలుగోరోజు అసలు వినబడలేదు. ఆమె ఒప్పుకున్నదనుకున్నాను. "రేపటికల్ల పనైపోతది," అని రజనికి చెప్పాను. రజని ఏడ్చింది. బస్సెక్కి వస్తానంది.

పదిహేనోరోజు మధ్యాహ్నం ఆఫీసుకు పోయాను. భోజనాల వేళ, గది ఖాళీగా ఉంది. టోకెను చీటీ తీసుకుని బల్ల మీద కూర్చున్నాను. నా పేరు పిలిచి రుచిత మిషను జరిపింది. తడి బట్టతో వేలు తుడుచుకుని గాజు మీద పెట్టాను.

పచ్చలైటు.

మొదటిసారికే. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "పడ్డది!" అన్నాను.

రుచిత స్క్రీను చూస్తోంది. చాలాసేపు చూసింది. తర్వాత స్క్రీనును నావైపు తిప్పింది. అక్కడ నా పేరు లేదు. నా ఫోటో లేదు. మోతిబిందు కళ్ళతో, నెరిసిన తలతో రత్నవ్వ నన్నే చూస్తోంది. పక్కన పేరు, తండ్రి పేరు, మా ఇంటి నంబరు.

"రుచితమ్మా... నేను గజేందర్ని..." అనబోయాను. చేతిలో ఏదో తగిలింది. టోకెను చీటీ. బీడీలా సన్నగా చుట్టి, కొస మడిచి, నా చొక్కా కుట్టులోంచి ఊడిన దారంతో కట్టి ఉంది. ఎప్పుడు చుట్టానో తెలియదు.

రుచిత తలెత్తింది. భయం లేదు ఆ మొహంలో, ఆశ్చర్యం కూడా లేదు. చాలా రోజులుగా తిరుగుతున్న ముసలివాళ్ళ పని అయినప్పుడు నవ్వే నవ్వు ఉంది. సూటిగా నా కళ్ళల్లోకి చూసింది.

"ఆఖరికి పడ్డది గద అవ్వా," అంది. "ఇగ చెప్పు, నీ ఇంట్ల ఉంటున్న ఆయన్ని ఏం జేద్దాం?"

వెనక్కి తిరిగి చూశాను. ఆ గదిలో రుచితకు ఎదురుగా నేను తప్ప ఇంకెవరూ లేరు.